ట్యాంక్‌బండ్ మీద భీం

దసరా సెలవుల్లో ఉట్నూరు నుంచి ఒక్కరమే సైకిలెక్కాం. ఖానాపూర్, నిర్మల్, కామారెడ్డి మీదుగా నాలుగో రోజు సాయంత్రానికి చిక్కడపల్లి చేరాం. మా మేనల్లుడు అక్కడ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. గదిలో నలుగురు, పగలంతా లైబ్రరీలోనే.

గోడకు అంటించిన కాగితం మీద 'జోడేఘాట్ – 1940' అని ఉంది. ట్యాంక్‌బండ్ మీద కుమ్రం భీం విగ్రహం చూశావారా అని అడిగాం.

"మూడేళ్లయింది మామా, పోనేలేదు."

ఇందిరా పార్కు దాటితే వచ్చే దూరం! కోప్పడబోయి ఆగాం. మా బడి పిల్లల్ని జోడేఘాట్‌కు మేమెన్నిసార్లు తీసుకుపోయాం గనుక?

తెల్లారి వాణ్ని వెనక క్యారేజీ మీద ఎక్కించుకుని పోయాం. తొడలు అప్పటికే ఒరుసుకుపోయి ఉన్నాయి. గట్టు మీద జనం హుస్సేన్‌సాగర్‌లోని బుద్ధుడి వైపు తిరిగి ఫొటోలు దిగుతున్నారు. నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన మనిషి, నిజాం ఏలిన నగరంలోనే నిలబడి ఉన్నాడు. ఒక చిన్నపిల్ల వాళ్ల నాన్నను "ఈయనెవరు?" అంది. ఆయన తడబడ్డాడు. మావాడు ముందుకొచ్చి చెప్పసాగాడు. సంవత్సరం దగ్గర ఆగలేదు. పశువుల మేతకు పన్ను, కట్టెలకు పన్ను, పోడు భూముల నుంచి గెంటివేతలు, వాళ్ల తాత పొయ్యి దగ్గర చెప్పినవన్నీ చెప్పాడు. మధ్యలో గోండీ మాటలు కూడా దొర్లాయి.

"లైబ్రరీ టైమైంది మామా" అని వాడే గుర్తుచేశాడు. తిరుగుదారిలో సైకిల్ వాడే తొక్కాడు. మేం వెనక కూర్చున్నాం.