ఇనుప మోతలో అమ్మ

మేనల్లుడి గదిలోంచి ఒకటే మోత. పిండిమర, రైలింజను కలిపి నడుపుతున్నట్టు! ‘ఏంట్రా ఆ గోల, తగ్గించు’ అని కసిరాను. ఉలకలేదు. కంప్యూటర్ తెర మీద గర్భస్థ శిశువు ముఖం. పైన ఏదో పేరు.

‘ముట్టర్ అంటే?’

‘అమ్మ, మామయ్యా.’

అక్క పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

పాడుతున్నది రామ్‌స్టైన్. 1994లో బెర్లిన్‌లో ఆరుగురు కలిసి పెట్టుకున్న బృందం. యంత్రాల చప్పుడులాంటి దరువుకు గిటార్ల హోరు తోడైతే ఇండస్ట్రియల్ మెటల్ అట. (నా సంగీతం ఇళయరాజా దగ్గరే ఆగిపోయింది లెండి.) ఫ్రాన్స్‌లోని మిరావల్ స్టూడియోలో రికార్డు చేసిన ‘ముట్టర్’ వాళ్ల మూడో ఆల్బమ్. 2001 ఏప్రిల్ 2న విడుదలైంది. 11 పాటలు. అదే పేరున్న పాట తల్లన్నదే లేకుండా పుట్టిన బిడ్డ గోడు. ఆ లేని తల్లి మీదే పగబడతాడు, చంపుతానంటాడు. చివరికి బలమివ్వమని ఆమెనే వేడుకుంటాడు.

ఇదంతా మావాడే చెప్పాడు, నావైపు చూడకుండా.

అక్క కోసం వాడు ఏడవగా మేమెవరం చూడలేదు. ‘గట్టి పిల్లాడు’ అని చుట్టాలు మెచ్చుకున్నారు కూడా.

‘ఆ పాట మళ్లీ పెట్టు’ అన్నాను. మెల్లగా మొదలైంది. కాసేపటికి హోరు. ఈసారి తగ్గించమనలేదు. లేచి తలుపు దగ్గరగా వేసి, వచ్చి వాడి పక్కన కూర్చున్నాను.