కుక్కర్ గ్యాస్కెట్టూ... కారు బెల్టూ!

కుక్కర్ గ్యాస్కెట్ తెగేదాకా ఎవరం వాడం. గట్టిపడితే మార్చేస్తాం. కారు ఇంజను బెల్టులకూ అదే లెక్క అంటే మావారు ఒప్పుకోరు. మాది 2012 నాటి మారుతి 800. "నలభై వేల కిలోమీటర్లే కదా తిరిగింది!" అంటారు. రబ్బరుకి కిలోమీటర్లతో పాటు ఏళ్లూ, వేడీ కూడా లెక్కే కదండీ!

ఫ్యాన్ బెల్టు బయటికి కనిపిస్తుంది. ఇంజను ఆపి, చల్లారాక చూడండి. పగుళ్లున్నా, అంచుల్లో పోగులు లేచినా మార్చాల్సిందే. కీచుమంటుంటే ముందు బిగువు చూపించండి. అది తెగిందంటే బ్యాటరీకి చార్జింగ్ ఉండదు, నీళ్ల పంపు తిరగదు, ఇంజను వేడెక్కిపోతుంది. సీతాఫల్‌మండి బ్రిడ్జి మీద, సాయంత్రం ట్రాఫిక్కులో... ఆ అవస్థ పగవాళ్లకి కూడా వద్దు!

టైమింగ్ బెల్టు మాత్రం మూత వెనక దాక్కుని ఉంటుంది. చాలాసార్లు చెప్పాపెట్టకుండా తెగుతుంది. బండి ఉన్నచోటే ఆగిపోతుంది. కొన్ని ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకి తగిలి వంగిపోతాయి కూడా. ఇక ఖర్చు బెల్టుతో పోదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో ఇన్ని కిలోమీటర్లు, ఇన్నేళ్లు అని ఉంటే ఏది ముందొస్తే అప్పుడే మార్చాలి. కొన్ని కార్లకి బెల్టు బదులు చైనుంటుంది, అదీ కనుక్కోండి.

ఇప్పుడా కారు మా అమ్మాయి నడుపుతోంది. ఈసారి చీటీ డబ్బులు ముందు బెల్టులకే అన్నాను. మావారు అవుననలేదు గానీ, బీరువాలో కారు పుస్తకం వెతుకుతున్నారు.