మీ తాతేడిరా ఇందులో?

హాస్టల్ రూములో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తల ఊపుతుంటే మా రూమ్మేట్ అడిగాడు, "ఏం పాట మామా?" అని. ఒకటి తీసి వాడి చెవిలో పెట్టాను. రెండు నిమిషాలు విని, "బానే ఉంది గానీ, పాడటం ఎప్పుడు మొదలెడతాడు?" అన్నాడు.

మొదలెట్టడు. అక్కడక్కడా మాటల ముక్కలు వస్తాయి తప్ప, రాప్ చేసేవాడెవడూ ఉండడు. హిప్ హాపే, కానీ బీటే కథ చెబుతుంది.

ఆ ఆల్బమ్ పేరు 'ఎండ్‌ట్రొడ్యూసింగ్'. చేసింది డీజే షాడో, అసలు పేరు జాష్ డేవిస్, కాలిఫోర్నియా కుర్రాడు. 1996లో ఈ తొలి ఆల్బమ్ వచ్చేసరికి అతనికి 24 ఏళ్ళు. శాక్రమెంటోలో ఒక పాత రికార్డుల షాపు నేలమాళిగలో కూర్చుని, ఎవరూ కొనని రికార్డుల గుట్టల్లో వెతికేవాడు. ఒకదాంట్లోంచి డ్రమ్ము, ఇంకోదాంట్లోంచి పియానో, మరోదాంట్లోంచి ఎవరిదో మాట. ఆ ముక్కల్ని అకాయ్ ఎంపీసీ 60 అనే మెషీన్లోకి ఎక్కించి, దాని మీదున్న 16 ప్యాడ్లని వేళ్ళతో కొడుతూ కొత్త పాటలు కట్టాడు. పూర్తిగా శాంపిల్స్‌తో చేసిన మొదటి ఆల్బమ్‌గా గిన్నిస్ రికార్డుల్లోకీ ఎక్కింది. ఆ మెషీన్ మామూలుగా దాచుకోగలిగేది దాదాపు 13 సెకన్ల శబ్దం, మెమరీ పెంచితే 26. అంతే!

ఇది చదివాక నాక్కూడా చెయ్యాలనిపించింది. నా దగ్గర లాప్‌టాప్ ఉంది, ఎఫ్ఎల్ స్టూడియో ఉంది. కానీ రికార్డుల గుట్ట ఎక్కడినుంచి తేను?

మాది కంచరపాలెం. ఆ పేరు చెబితే చాలు, 2018 నుంచీ అందరూ సినిమా గురించే మాట్లాడతారు. నాకు మాత్రం మా ఊరంటే ముందు గుర్తొచ్చేది చప్పుడు. హైవే మీద లారీల హారన్లు, ఇంటి వెనక పట్టాల మీద గూడ్సు బళ్ళు. బండి వెళ్తుంటే మా ఇంట్లో మాటలు ఆగిపోతాయి. దాటిపోయాక, ఆపిన చోటునుంచే మళ్ళీ మొదలవుతాయి. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అలా అలవాటైపోయింది.

సంక్రాంతి సెలవుల్లో అటక మీద ఒక కేసెట్ దొరికింది. మా తాతయ్య జముకు వాయిస్తూ పాడినది. తాతయ్య పోర్టులో కళాసీగా చేసేవాడు. అమ్మవారి పండగలప్పుడు జముకుల కథ చెప్పేవాడు. జముకు తెలియని వాళ్ళకి ఒక మాట: అడుగున చర్మం బిగించిన డబ్బాలాంటి వాయిద్యం, చర్మం మధ్యలోంచి ఒక తీగ ఉంటుంది. తీగ లాగి మీటితే 'డుంవ్' అంటూ స్వరం పైకీ కిందకీ జారుతుంది. హిప్ హాప్‌లో బేస్ కోసం మేం సాఫ్ట్‌వేర్లో తంటాలు పడేది సరిగ్గా ఆ జారుడు కోసమే.

టేప్‌రికార్డర్ నుంచి లాప్‌టాప్‌కి వైరు కలిపి మొత్తం ఎక్కించాను. తర్వాత శుభ్రం చెయ్యడం మొదలెట్టాను. టేపు 'స్స్' శబ్దం తీసేశా. మధ్యలో గూడ్సు బండి, తీసేశా. తాతయ్య దగ్గు, తీసేశా. దెబ్బలు అక్కడక్కడా ఆలస్యంగా పడుతుంటే అన్నింటినీ గ్రిడ్ మీదకి లాగి వరసలో నిలబెట్టా. గొంతులోంచి ఒక్క ముక్క మాత్రం ఉంచి లూప్ చేశా. రెండు రాత్రుల పని.

నాయనమ్మకి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చివరిదాకా వింది.

"పాటైతే బాగుందిరా. మరి మీ తాతేడిరా ఇందులో?" అంది.

"అదే కదా నాయనమ్మా, ఆ గొంతు..."

"గొంతు సరే. బండొస్తే ఆగేవోడు. ఎల్లిపోయాక ఓపాలి దగ్గి, మల్లీ ఎత్తుకునేవోడు. అదేటైపోయింది?"

నా దగ్గర సమాధానం లేదు. తాతయ్య పోయేసరికి నేను ఆరో క్లాసు. నాకు గుర్తున్నది పాట. ఆవిడకి గుర్తున్నది మనిషి.

ఆ రాత్రి షాడో ఆల్బమ్ మళ్ళీ విన్నాను. ఈసారి పాటలకంటే వాటి వెనకున్న చిటపట వినబడింది. పాత రికార్డుల మీది గీతలూ దుమ్మూ చేసే చప్పుడు. ఆ దుమ్ముతో సహా తెచ్చుకున్నాడు కాబట్టే, అంతమంది దగ్గర ఏరిన ముక్కలు కూడా ఒక గదిలో కూర్చున్నట్టు ఉంటాయి. పదమూడు సెకన్లు దాచుకునే మెషీన్‌తో అతను ఏది ఉంచాలా అని చూశాడు. గంటలకి గంటలు దాచుకునే లాప్‌టాప్‌తో నేను ఏది తీసెయ్యాలా అని చూశాను.

ఫైల్ మళ్ళీ తెరిచాను. అదృష్టం, ఒరిజినల్ డిలీట్ చెయ్యలేదు. దెబ్బల్ని గ్రిడ్ మీంచి దించి, ఆయన వేసిన చోటే వదిలేశాను. లూప్ మధ్యలో బీటంతా ఆపేసి గూడ్సు బండిని వెళ్ళనిచ్చాను. తర్వాత దగ్గు. ఆ దగ్గు మీదే రెండో సగం మొదలవుతుంది.

పొద్దున్న మళ్ళీ వినిపించాను. నాయనమ్మ పాల ప్యాకెట్ లెక్క ఏదో అమ్మకి చెబుతోంది. ఫోన్లో బండి మొదలవగానే మాట ఆపేసింది. అమ్మ కూడా ఆగింది. బయట పట్టాల మీద ఏ బండీ లేదు.