ఎనిమిది తూటాల లెక్క



వ్యాకరణమూ ఛందస్సూ తప్ప మరొకటి ఎరుగని ఈ పంతులు తుపాకులను గురించి వ్రాయడమేమిటని మీరు విస్తుపోవచ్చు. నేనూ విస్తుపోతూనే వ్రాస్తున్నాను.

మా అబ్బాయి టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో నగరానికి వాయవ్యంగా, హిల్ కంట్రీ అని పిలిచే గుట్టల సీమలో పదిహేను ఎకరాల నేల కొన్నాడు. సున్నపురాతి నేల, ఓక్ చెట్లు, ముళ్ళపొదలు. కన్నులు సగం మూసి చూస్తే మా అనంతపురమే. నీళ్ళ మోటారు గది చుట్టూ ర్యాటిల్‌స్నేక్‌లు, అనగా తోక చివరి గిలకను ఆడించి హెచ్చరించే విషసర్పాలు, తిరుగుతూ ఉంటాయి. నిరుడు నేను అక్కడ మూడు నెలలున్నాను. ఒకనాటి రాత్రి భోజనాల వేళ వాడు, "నాన్నా, తోటలో తిరిగేటప్పుడు నడుముకు పెట్టుకోవడానికి చిన్న రివాల్వర్ ఒకటి కొందామనుకుంటున్నాను" అన్నాడు. నా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కారణం చెప్పాలి. అది 1971. మా నాయనకు పంట కాపలా కోసం లైసెన్సు పొందిన నాటుతుపాకి ఒకటి ఉండేది. 1959 నాటి ఆయుధాల చట్టం అటువంటి తుపాకికి పంట రక్షణ నిమిత్తం ప్రత్యేకంగా చోటిచ్చింది. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, గుళ్ళు వేసి, మళ్ళీ పీచు కుక్కి ఇనుపచువ్వతో దట్టించాలి. ఒకసారి దట్టించినదాన్ని తిరిగి తీయడం పెద్ద పని. కాల్చివేయడమే సులువు. అందుచేత రాత్రి పంది రాకపోతే తెల్లవారినా తుపాకి కడుపుతోనే ఉండేది. పైకి చూచినవారికి ఆ సంగతి తెలియదు.

ఆనాటి సాయంత్రం చిన్నాయన వేరుశనగ చేలో మంచె ఎక్కాడు. లాంతరు పట్టుకొని నేను క్రింద ఉన్నాను. మంచెకు ఆన్చిన తుపాకిని ఆయన గొట్టం పట్టుకొని పైకి లాగాడు. తుపాకి సుత్తిని మావాళ్ళు గుర్రమంటారు. ఆ గుర్రం మెట్టుకు తగిలి, కొంచెం వెనుకకు వంగి, జారి పడింది. కుడిచేతి బొటనవ్రేలూ చూపుడువ్రేలూ పోయాయి. బండిలో ఆసుపత్రికి తీసుకొనిపోతుండగా ఆయన పదేపదే అన్నది ఒక్కటే మాట: "వట్టిదే అనుకొంటిని." ఆ తరువాత ఆయన మడక పట్టలేదు. నాయన తుపాకిని ఠాణాలో అప్పగించి వచ్చాడు, మళ్ళీ తెచ్చుకోలేదు.

ఇదంతా మా వాడికి అంతవరకు ఎన్నడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను. కొననని అంటాడని ఆశపడ్డాను. మరునాడు వాడన్నది వేరు: "నాన్నా, నువ్వూ దుకాణానికి రా. నీకు భయం లేనిదే కొంటాను."

వెళ్ళాను. వాడు అక్కడి పౌరుడు. సందర్శక వీసాపై వెళ్ళిన నాకైతే, వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే, తుపాకి చేతబట్టడం అక్కడి చట్టం ప్రకారం నేరం. అందువల్ల చేతులు వెనుకకు కట్టుకొని పరీక్షాధికారి వలె నిలుచున్నాను.

వాడి స్నేహితులు .357 మాగ్నమ్ కొనమన్నారట. ఒకాయన .410 తూటా పట్టే టారస్ జడ్జి కొనమన్నాడట. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమంటే ఇదే కాబోలు. అక్కడా అడవిపందుల బెడద మెండు. కాని వాటికి బోనులున్నాయి, నడుముకు పెట్టుకొనే చిన్న ఆయుధంతో పందిని ఎదుర్కోవాలనుకోవడం అవివేకం. పాముకూ ఎలుకకూ .22 చాలు. పిస్తోలు కాక రివాల్వర్ ఎందుకంటే, .22లో సన్నని సీసపు రవ్వలు నింపిన తూటాలు కూడా దొరుకుతాయి. పిస్తోలును తిరిగి ఆడించేంత బలం సాధారణంగా వాటికి ఉండదు. రివాల్వర్‌కు ఆ చిక్కు లేదు, సిలిండర్‌ను త్రిప్పేది మన వ్రేలే. పది అడుగులు దాటితే ఆ రవ్వలను నమ్మరాదు. అయితే బండరాతి నేలపై గుండు ఎగిరి ఎటు పోతుందోనన్న భయం వాటితో చాలా తక్కువ.

స్మిత్ అండ్ వెసన్ వారు 1935లోనే చేపలు పట్టేవారి కోసం, డేరాలు వేసుకొనేవారి కోసం కిట్ గన్ అనే చిన్న .22 రివాల్వర్ తెచ్చారు. సామాన్ల సంచిలో పడవేసుకొనేదని ఆ పేరు. మా వాడి మనస్సు మాత్రం రూగర్ సింగిల్‌సిక్స్‌పై ఉంది. దానికి రెండు సిలిండర్లు దొరుకుతాయి. ఒకటి మామూలు .22కు, రెండవది .22 మాగ్నమ్‌కు. బహుళ ప్రయోజనమన్న మాటకు అదే సార్థకం. కాని దాని తూటాలను ప్రక్కనున్న చిన్న తలుపు తెరచి ఒక్కొక్కటే నెట్టి తీయాలి. 1973కు ముందు చేసిన వాటిలో సుత్తి క్రింది గదిని ఖాళీగా ఉంచుకోవాలని, లేకపోతే సుత్తికి దెబ్బ తగిలినా పేలవచ్చునని దుకాణదారు చెప్పాడు. ఆ ఏడాది నుంచి ట్రిగ్గర్ పూర్తిగా నొక్కితే తప్ప దెబ్బ తూటాను చేరకుండా ఒక పలక అమర్చారట. ఆ మాట మా వాడు తెలుగు చేసి చెబుతుంటే నాకు మంచె మెట్టు కనిపించింది.

తరువాత దుకాణదారు స్మిత్ మోడల్ 63 తీశాడు. మూడంగుళాల గొట్టం, తుప్పు పట్టని ఉక్కు, ముప్పావు కిలోకు కాస్త అటూ ఇటూ బరువు, ఎనిమిది గదులు. ఇందులోనూ సుత్తికి అడ్డుపలక ఉంది. ఇంతకంటె తేలికైన రూగర్ ఎల్‌సీఆర్ ఉన్నది గాని, రెండంగుళాలైనా లేని ఆ గొట్టంతో గురి కుదరదని మా వాడే వద్దన్నాడు. మోడల్ 63 సిలిండర్‌ను బొటనవ్రేలితో మీట నెట్టి ప్రక్కకు తెరిచాడు. గదులన్నీ ఒక్కసారే కనిపించాయి. నిండినదా వట్టిదా అన్న సందేహానికి తావు లేదు.

"ఇది" అన్నాను. రెండు సిలిండర్ల సౌలభ్యం వదులుకోవడం మా వాడికి కొంత కష్టమే అయింది, అయినా ఎదురు చెప్పలేదు. "ఇంట్లోకి వచ్చే ముందే ఖాళీ చేసి పెట్టెలో పెట్టి తాళం వేస్తేనే మామయ్యా" అని కోడలు తన షరతు నాతో చెప్పించింది. మనుమడికి ఆరేళ్ళు.

నా తిరుగు ప్రయాణానికి వారం ముందు మోటారు గది దగ్గర గిలక మ్రోగింది. బండమీద చుట్ట చుట్టుకొని ఉంది, మూరెడు పైకెత్తిన తల. మా వాడు నన్ను వెనుకకు జరగమని ఆయుధం తీశాడు. మొదటి రెండు గదుల్లో రవ్వల తూటాలే. నిలుచున్నాడు. పాము కూడా కాసేపు చూచి, చుట్ట విప్పుకొని, బండసందులోకి జారిపోయింది. వాడు కాల్చలేదు. నేనూ ఎందుకని అడగలేదు.

వాకిట్లోకి రాగానే సిలిండర్ తెరిచి తూటాలు అరచేతిలోకి దులిపాడు. గణాలు లెక్కించే అలవాటున నా వ్రేళ్ళు వాటంతటవే మడతపడ్డాయి. ఎనిమిది. వాడు రివాల్వర్‌ను నాకు కనబడేటట్లు సూర్యుడికి ఎదురుగా పట్టాడు. ఎనిమిది గదుల్లోంచీ అవతలి వెలుతురు కనిపించింది.