చెరువులో దూది

మిరప వేసే ఇంట్లో బూజు అన్న మాటకి మంచి పేరు లేదు. నారుమడిలో మొలక నేలకి ఆనిన చోట మెత్తబడి ఒరిగిపోతే నారుకుళ్ళు. చెట్టు ఎదిగాక బూడిద తెగులు. కాయ పండే వేళకి కాయకుళ్ళు, కొమ్మ ఎండు. ఒక్కోదానికి ఒక్కో మందు, ఒక్కో మోతాదు. గుంటూరు మిర్చియార్డులో దిగే ప్రతి టిక్కీ వెనకా బూజుతో చేసిన యుద్ధం ఉంటుంది. పిడుగురాళ్ల నుంచి పర్చూరు దాకా ఏ రైతునడిగినా ఈ లెక్కలన్నీ నోటికే చెబుతాడు.

అదే రైతు రోజూ దాటి వెళ్లే ఊరచెరువులోనూ బూజు ఉంది. దాని లెక్కే ఎవరూ అడగరు.

గట్టు మీద తుమ్మలు, వేపలు, ఓ రావిచెట్టు. ఏటా ఎంత ఆకు నీళ్లలో రాలుతుందో! దానికి తోడు వానొస్తే పొలాల మీదుగా పత్తి ఆకూ మిరప పుల్లా కొట్టుకొస్తాయి. ఇదంతా ఏమవుతున్నట్టు? ఆకులోని పీచు చాలా జీవులకి ఓ పట్టాన అరగదు. దాన్ని మెత్తబరిచే పని బ్యాక్టీరియాతో పాటు నీటి శిలీంధ్రాలది. సన్నటి దారాల్లా ఆకు లోపలికి దూరి, పీచుని కరిగించే రసాలు వదులుతాయి. ఆ సారంతో తమ ఒళ్లు పెంచుకుంటాయి. అప్పుడొస్తాయి నత్తలూ పురుగులూ! ఉత్త ఆకు కన్నా బూజు పట్టిన ఆకునే అవి ఇష్టంగా తింటాయని ప్రయోగాల్లో తేలింది. రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి పొంగితేనే కదా ఇడ్లీ... దాదాపు అదే సంగతి. ఆ పురుగుల్ని చేపలు తింటాయి, చేపల్ని మనం.

ఈ బూజుల మీద చాలాకాలం ఎవరి చూపూ పడలేదు. 1942లో ఇంగోల్డ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త, వాగులో కుళ్లుతున్న ఆకుల మీద వీటిని గుర్తించి ఓ వ్యాసం రాశాడు. వీటి బీజాలు చాలావరకు నాలుగు చేతులు చాచినట్టుంటాయి. పారే నీళ్లలో గుండ్రటి గింజ జారిపోతుంది. చేతులున్నది మాత్రం ఆకుని పట్టుకుని నిలబడుతుంది. వాగు నురగలో ఇవి గుంపులుగా చిక్కుకుంటాయి కూడా. అయితే వీటికి చల్లటి, పారే నీళ్లంటే ఇష్టం. మన మైదానాల నిలవనీళ్లలో వేరే జాతుల రాజ్యం నడుస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల్లోని శిలీంధ్రాల మీద ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్య మనోహరాచారి వంటివారు పరిశోధనలు చేశారు.

చెరువులో మరో చిత్రం జరుగుతుంది. నాచులో కొన్ని రకాలు మరీ పెద్దవి. చుక్కల్లా ఎగిరే నీటిపురుగుల నోటికి అవి పట్టవు. కైట్రిడ్లు అనే అతిచిన్న శిలీంధ్రాలు ఆ నాచుని పట్టి, దాని సారం పీల్చి, తోక ఉన్న బీజాల్ని నీళ్లలోకి వదులుతాయి. కొవ్వు నిండిన ఆ బీజాలు నీటిపురుగులకి మంచి మేత. ఆ పురుగులే చేపపిల్లలకి తొలిముద్ద!

అలాగని నీటిబూజులన్నీ సాధుజీవులేం కావు. కొర్రమీను తినేవాళ్లకి ఓ చేదు జ్ఞాపకం ఉంది. ఒంటినిండా ఎర్రటి పుళ్లతో చేపలు తేలిపోయే జబ్బు 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో బయటపడి, తర్వాతి కొన్నేళ్లలో ఆంధ్ర దాకా వచ్చింది. ఆ రోజుల్లో చాలామంది చేప ముట్టడమే మానేశారు. దానికి కారణం అఫనోమైసిస్ అనే నీటిబూజు. నారుమడిలో మిరప మొలకని కూల్చే పిథియమ్ కూడా ఆ వంశానిదే. రెండూ నీళ్లలో ఈదుతూ వస్తాయి. నారుమడి ఎత్తుగా పొయ్యమనేది, నీళ్లు నిలవనివ్వద్దనేది అందుకే. శాస్త్రవేత్తలైతే ఈ రెండింటినీ అసలు శిలీంధ్రాల్లో కలపరు, నాచుకి దూరపు చుట్టాలంటారు. రైతుకి ఆ తేడాతో పనిలేదు. మొలక పోయిందా లేదా అన్నదే లెక్క.

చిక్కంతా మందు దగ్గరే. మిరప మీద బూజుని చంపేది చెరువులో బూజుని చూసి ఆగదు. శిలీంధ్రనాశకాలు చేరిన వాగుల్లో శిలీంధ్రాల రకాలు తగ్గుతున్నాయనీ, ఆకు కుళ్లడం మందగిస్తోందనీ ఐరోపాలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఇక్కడ మిరపకి కొట్టినన్ని మందులు ఏ పైరుకి కొడతారు? వాననీరు కొంత తీసుకెళ్తుంది సరే... సాయంత్రం స్ప్రేయరు కడిగేది ఎక్కడ?

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే ఓ కుర్రాడు సెలవులకి ఊరొచ్చి తండ్రిని అడిగింది ఇదే.

"నాయనా, ట్యాంకు చెరువులో ముంచొద్దు. ఆ కడిగిన నీళ్లు మన చేలోనే గట్టు పక్క సాలుకి కొట్టేయరాదూ?"

"ఈ కాస్తకే చెరువు చస్తుందంట్రా? మీ తాత రోజుల నుంచీ ఇక్కడే కడుగుతున్నాం."

"తాత రోజుల్లో ఏడాదికి ఎన్నిసార్లు మందు కొట్టేవాళ్లు నాయనా?"

తండ్రి జవాబు చెప్పలేదు. మినరల్ వాటర్ క్యాన్లు గడపలోకి వచ్చాక చెరువు నీళ్లు తాగే ఇళ్లు తగ్గాయి. తాగనప్పుడు దాని బాగోగులు పట్టేదెవరికి? గేదెలకి మాత్రం క్యాన్లు రాలేదు.

కుర్రాడు గాజుసీసాతో చెరువు నీళ్లు తెచ్చి, ఉడికించిన నువ్వుగింజలు నాలుగు వేసి కిటికీలో పెట్టాడు. నీటిబూజుని పట్టడానికి ప్రయోగశాలల్లో వాడే పాత ఎర అది. నాలుగో రోజుకి గింజల చుట్టూ తెల్లటి నూగు కమ్ముకుంది. తండ్రి సీసా వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"ఇదేంట్రా, పత్తికాయ పగిలినట్టుంది!"

"చచ్చిన ఈగ పడినా, గింజ పడినా చెరువుని శుభ్రం చేసేది ఇదే నాయనా."

"మంచిదే కానీ," అంది లోపల్నుంచి నాయనమ్మ, "ఆ సీసా నా వంటింటి కిటికీలోంచి తియ్యండ్రా."

మర్నాడు ఆయన ట్యాంకు చేలోనే కడిగాడు. ఆ పక్క చేనాయన మాత్రం ఎప్పట్లాగే చెరువు మెట్లు దిగాడు.