కదలని అంకె

మా పట్టణంలో మస్జిదు పక్కన ఒక ధర్మ వైద్యశాల ఉంది. మధుమేహంతో బాధపడే పేదలకు అక్కడ ఇన్సులిన్ ఉచితంగా ఇస్తారు. దానికయ్యే సొమ్ము దాతల సదఖాల నుంచి వస్తుంది. తెరవని ఇన్సులిన్ సీసాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య భద్రపరచాలి. గడ్డకట్టిన సీసాను పారవేయవలసిందే. కరిగాక చూపుకు మామూలుగానే కనిపించినా దానిని నమ్మరాదు. అందుకే ఫ్రిజ్ లోపలి ఉష్ణోగ్రతను బయటికి చూపుతూ, హద్దు దాటితే మోగే చిన్న పరికరం ఒకటి చేసి ఇవ్వమని సంస్థ పెద్దలు మమ్మల్ని అడిగారు. మేము భార్యాభర్తలం, ఇంటి ముందు గదిలో ఎలక్ట్రానిక్స్ పనులు చేసుకుంటాం. మాలో ఒకరిది సోల్డరింగు, మరొకరిది ప్రోగ్రాము. కూలి వద్దని చెప్పి సంతోషంగా ఒప్పుకున్నాం.

పరికరం స్వరూపం కొంచెం చెప్పక తప్పదు. అందులోని మైక్రోకంట్రోలరు ఐ2సి అనే రెండు తీగల పద్ధతిలో మాట్లాడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన సెన్సారు డీఎస్18బీ20కి వన్‌వైర్ అనే వేరే భాష మాత్రమే వచ్చు. ఇద్దరి నడుమ దుబాసీగా డీఎస్2482 అనే చిప్పును కూర్చోబెట్టాం. ఇటువంటి దానిని బ్రిడ్జి అంటారు. దానితో మాట్లాడే ప్రోగ్రాము భాగమే డ్రైవరు. లినక్స్ నడిచే కంప్యూటరుకైతే ఈ డ్రైవరు సిద్ధంగా దొరుకుతుంది. మాది అంత పెద్ద పరికరం కాదు కనుక స్వయంగా రాసుకున్నాం.

రాసుకున్న మొదటి సాయంత్రమే తగాదా వచ్చింది. బ్రిడ్జి అమరిక రిజిస్టరులో ‘ఈ1’ అని రాస్తే, తిరిగి చదివినప్పుడు ‘01’ వచ్చింది. చిప్పు చెడిందని ప్రోగ్రాము రాసినవారు, డ్రైవరు తప్పని సోల్డరింగు చేసినవారు. పిల్లలు మా ముఖాలు చూసి చడీచప్పుడు లేకుండా అన్నం తిన్నారు. తీరా చూస్తే తయారీదారు ఇచ్చిన వివరణ పత్రంలోనే ఉంది: రాసేటప్పుడు పై నాలుగు బిట్లు కింది నాలుగింటికి సరిగ్గా తలకిందులుగా ఉండాలి; చదివేటప్పుడు ఆ పై నాలుగూ ఎప్పుడూ సున్నాలే. చిప్పూ చెడలేదు, డ్రైవరూ చెడలేదు. పత్రం చదవకుండా పోట్లాడింది మేమిద్దరం.

ఆ వారంలోనే మరొకటి జరిగింది. అప్పుడు దానిని తప్పుగా భావించలేదు. ఈ సెన్సారుకు విద్యుత్తు అందిన క్షణాన దాని జ్ఞాపకంలో 85 డిగ్రీలు అన్న అంకె ఉంటుంది. అది కొలత కాదు, ఇంకా కొలవలేదని తెలిపే గుర్తు. పూర్తి సూక్ష్మతతో కొలవడానికి సెన్సారుకు 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఆలోగా అడిగితే 85 అనే చెబుతుంది. పరికరం ఆన్ చేసినప్పుడల్లా తెర మీద 85 మెరిసి మాయమవుతుంటే చూడటానికి బాగోలేదు. ప్రోగ్రాములో ఒక వరుస చేర్చాం: 85 వస్తే లెక్కచేయవద్దు, పాత అంకెనే చూపు. తెర అందంగా తయారైంది. బిస్మిల్లాహ్ చెప్పి వైద్యశాలలో బిగించి వచ్చాం.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. షాబాన్ నెలలో ఒక ఉదయం, అక్కడ ఊడ్చి తుడిచే ఆయమ్మ ఫార్మసిస్టు సోదరిని పిలిచి, “ఈ అంకె నాలుగు దినాలుగా కదల్లేదమ్మా, ఎప్పుడు తుడిచినా నాలుగు పాయింటు ఎనిమిదే” అన్నదట. ఫ్రిజ్ తలుపు తీస్తారు, మూస్తారు. కరెంటు పోతుంది, వస్తుంది. లోపలి ఉష్ణోగ్రత కొంతైనా మారకుండా ఉండదు. చదువుకున్న మాకెవరికీ తట్టనిది ఆమెకు తట్టింది. తలుపు తీసి చూస్తే వెనుక వరుస పెట్టెల మీద మంచు పొరలు కట్టి ఉన్నాయి. ఫ్రిజ్ థర్మోస్టాటు పాడై అదే పనిగా చల్లబరుస్తున్నది. మా పరికరం మాత్రం 4.8 అని ప్రశాంతంగా చూపిస్తున్నది.

దానిని ఇంటికి తెచ్చి బల్ల మీద ఉన్న సెన్సారుకు కలిపితే దివ్యంగా పనిచేసింది. మళ్లీ పాత పాట మొదలైంది. ఒకరు డ్రైవరులోని నిరీక్షణ వ్యవధులన్నీ తిరగరాశారు. మరొకరు ఐ2సి తీగల నిరోధకాలు మార్చారు. రెండూ అనవసరమైన పనులే. ఇషా నమాజు తరువాత సూరా హుజురాత్ గుర్తుకు వచ్చింది. వార్త వచ్చినప్పుడు నిర్ధారించుకోవాలనీ, అనుమానాలకు దూరంగా ఉండాలనీ అందులో ఉన్న బోధను పిల్లలకు ఎన్నిసార్లో చెప్పాం. మేము మాత్రం సెన్సారు నిజంగా ఏమి చెబుతున్నదో ఒక్కసారీ చూడకుండా ఒకరినొకరు అనుమానిస్తున్నాం.

మర్నాడు వైద్యశాలకే వెళ్లాం. ఆ ఫ్రిజ్‌కే, ఆ తీగకే కలిపి, ప్రోగ్రాము వడపోత లేకుండా బ్రిడ్జి నుంచి వచ్చే ప్రతి బైటునూ యథాతథంగా లాప్‌టాపు తెర మీద పడేలా చేశాం. బ్రిడ్జి తన చిరునామాకు వెంటనే పలికింది. సెన్సారు ఉన్నదని తెలిపే బిట్టు వెలిగింది, తీగలు షార్టయ్యాయని తెలిపే బిట్టు వెలగలేదు. సెన్సారు పంపిన తొమ్మిది బైట్లలో చివరిది, అంటే దారిలో మాట చెడలేదని రుజువు చేసే సీఆర్‌సీ, ప్రతిసారీ సరిపోయింది. వచ్చిన మాట మాత్రం ఒకటే: 85, 85, 85.

సీఆర్‌సీ సరిపోతే అంతా సరిగా ఉన్నట్లేనని మేము అంతకాలం భావించాం. అది హామీ ఇచ్చేది రవాణాకే. ఆ 85 మా దాకా చెక్కుచెదరకుండా వచ్చింది. దాని వెనుక కొలత మాత్రం లేదు. తలుపు కీలు దగ్గర తీగను వేలితో కొద్దిగా వంచగానే అంకె మారింది, వదిలితే మళ్లీ 85. కవచం లోపల ఎర్ర తీగ తెగిపోయి ఉంది. విద్యుత్తు అందక, డేటా తీగ నుంచి గుంజుకున్న కాస్త శక్తితో సెన్సారు పలకగలుగుతున్నది. కొలవడానికి మాత్రం ఆ శక్తి చాలక, ప్రతిసారీ మళ్లీ మొదటికి వస్తున్నది. తీగను కీలు మీదుగా తీసుకువెళ్లినవారు మాలో ఒకరు, 85ను దాచిన వరుస రాసినవారు మరొకరు. దుబాసీ తన పని తాను సరిగానే చేసింది. మేమే దాని నోరు మూశాం.

ఇంతవరకూ మరమ్మతు సంగతి. అసలు కష్టం తరువాత వచ్చింది.

వైద్యశాలలో అందరూ తప్పు ఫ్రిజ్‌దేనని అనుకుంటున్నారు. మా పరికరం గురించి ఎవరూ అడగలేదు. అయితే ఫార్మసిస్టు సోదరి రోజుకు రెండుసార్లు తెర చూసి రిజిస్టరులో అంకె రాసి సంతకం చేస్తుంది. నాలుగు రోజులు, ఎనిమిది వరుసలు, అన్నిటా 4.8. కళ్లు మూసుకుని రాసిందా అని ఆమెను నిలదీయాలని పెద్దలు జుమా తరువాత సమావేశం పెట్టారు. ఆ ముందు రాత్రి మేము నిద్రపోలేదు. కూలి తీసుకోలేదు కదా, అడగనిది చెప్పడం ఎందుకన్న మాట మా ఇద్దరిలోనూ మెదిలిందని ఒప్పుకుంటున్నాం. కానీ ఆ ఎనిమిది సంతకాలూ మా మాటను నమ్మి చేసినవి.

సమావేశంలో తీగనూ, కాగితం మీద ఆ ఒక్క వరుసనూ బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాం. పారవేసిన సీసాల ఖర్చు భరిస్తామన్నాం. హాజీ సాహెబు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఖర్చు సంగతి తరువాత చూద్దాం. ఆ నాలుగు రోజుల్లో సీసాలు తీసుకువెళ్లినవారు ఎందరు?” అని అడిగారు. పదకొండు మంది. పది మందికి ఆ సోదరి అప్పటికే ఫోను చేసి సీసాలు మార్పించింది. ఒక వృద్ధురాలి ఫోను మాత్రం పలకలేదు.

కొత్త సీసాను మంచు సంచిలో పెట్టుకుని, అది గడ్డకట్టకుండా నడుమ గుడ్డ చుట్టి, మేమే వెళ్లాం. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. రెండు రోజులుగా షుగరు ఎక్కువగా ఉందనీ, నోరు ఎండిపోతున్నదనీ చెప్పింది. దానికి ఆ సీసాయే కారణమో కాదో చెప్పగలిగేవారం కాము. వైద్యుణ్ని కలవమని, పాత సీసా తిరిగి ఇమ్మని మాత్రం అడిగాం. ఎందుకని అడిగింది. చెప్పాం. ఆమె సీసాను దీపం వెలుగులో ఎత్తి చూసి, “చూడటానికి బాగానే ఉంది బేటా” అన్నది.

ఇప్పుడు తీగ ఫ్రిజ్ వెనుక రంధ్రం గుండా వెళుతున్నది. విద్యుత్తు విడి తీగ మీద వస్తున్నదా, డేటా తీగ నుంచే తీసుకుంటున్నావా అని సెన్సారును అడిగే ఆదేశం ఒకటుంది. ప్రతి కొలతకూ ముందు డ్రైవరు ఆ ప్రశ్న వేస్తుంది. 85 వస్తే తెర మీద అంకె పోయి అడ్డగీతలు వస్తాయి, బజరు మోగుతుంది. మొదటి వారంలోనే రెండుసార్లు ఊరికే మోగిందని అక్కడివారు విసుక్కున్నారు. మోగనివ్వండి అన్నాం. ఆయమ్మ మాత్రం ఇప్పటికీ తెర తుడిచాక గుడ్డ భుజాన వేసుకుని కాసేపు అక్కడే నిలబడుతున్నదట, అంకె కదిలే దాకా.