గొలుగొండలో ఆట ఇంటిదాకా చేరిందా?

నర్సీపట్నం దాటి మన్యం వైపు సాగితే జీడిమామిడి తోటలతో, కొండవాలు పల్లెలతో గొలుగొండ మండలం మొదలవుతుంది. అక్కడ ఒక అంగన్‌వాడీలో తల్లిదండ్రుల సమావేశం చూశాను. నెలల పిల్లలతో ఇంట్లో ఎలా ఆడాలో టీచర్ చేసి చూపిస్తున్నారు. గుడ్డ కింద గిలక్కాయ దాచి వెతికించడం, గిన్నెలో గిన్నె పెట్టించడం, పిల్ల చేసిన శబ్దాన్ని తిరిగి పలికి మరో శబ్దం కోసం ఆగడం. చెప్పిన తీరు బాగుంది, విన్నవాళ్లూ శ్రద్ధగా విన్నారు. అయితే వచ్చినవాళ్లలో తల్లులకంటే నాన్నమ్మలు, అమ్మమ్మలే ఎక్కువ. తల్లులు తోట పనికో ఉపాధి పనికో వెళ్లారు. తండ్రులు కనబడలేదు. చివర్లో సంతకాలు పెట్టించి, ఫొటో తీశారు. సమావేశం జరిగిందనడానికి అవి చాలు. ఆ ఆట ఏ ఇంట్లో ఆడారో, దానివల్ల పిల్లలో ఏం మారిందో రాసుకునే గడి మాత్రం రిజిస్టరులో లేదు. నా అభ్యంతరం టీచర్ మీద కాదు, ఆ గడి లేకుండా రిజిస్టరు తయారుచేసిన ఆలోచన మీద.

అడగవలసిన ప్రశ్న పెద్దదేమీ కాదు: చెప్పిన ఆట ఇంట్లో ఆడారా, పిల్లలో ఏమైనా మారిందా? పుట్టినప్పటి నుంచి మూడేళ్లదాకా పిల్లలకోసం కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ‘నవచేతన’ పేరిట 36 నెలల ప్రణాళిక విడుదల చేసింది. అందులో 140 ఆటలు, పనులు ఉన్నాయి. వాటి మంచిచెడ్డలు కాగితం మీద తేలవు, ఇళ్లలో తేలాలి. ఎలా తేల్చాలో తెలుగు నేల మీదే ఒకసారి చేసి చూపించారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, ఆమె సహ పరిశోధకులు నల్గొండ జిల్లాలో 60 ఊళ్లను, 600 మంది తల్లీబిడ్డలను తీసుకుని, ఊళ్లను మూడు బృందాలుగా విభజించారు. మొదటి బృందానికి మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో బృందానికి అదనంగా అనుబంధ ఆహారం గురించి సలహాలు. మూడో బృందానికి ఆ సలహాలతోపాటు బిడ్డ సైగలు గమనించి తినిపించడం, సాదా ఆటవస్తువులతో ఆడించడం కూడా నేర్పారు. శిక్షణ పొందిన గ్రామీణ మహిళలే ఇంటింటికీ వెళ్లారు. మూడు నెలల వయసులో మొదలుపెట్టి పదిహేను నెలలదాకా చూశాక, మూడో బృందం పిల్లల మానసిక వికాస స్కోరు మొదటి బృందంకంటే సగటున 3 పాయింట్లు ఎక్కువ వచ్చింది. శరీర కదలికల స్కోరులో తేడా రాలేదు, పొడవులో మెరుగుదల రెండో బృందంలోనే కనబడింది. 2013లో అచ్చయిన ఈ ఫలితాల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఆ తేడా రాని చోటు. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో విడదీసి చెప్పగలిగారంటే, పోల్చి చూడడానికి మొదటి బృందం ఉంది కనుకనే.

మన ఇళ్లలో పిల్లల్ని ఆడించడం కొత్తా, జోలపాటలూ గిలక్కాయలూ లేవా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. గొలుగొండ ఉన్న అనకాపల్లి జిల్లాలోనే ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే చేతులున్నాయి. నల్గొండ మొదటి బృందం తల్లులకూ జోలపాటలు వచ్చు. అయినా తేడా కనబడింది. పొద్దంతా పనిలో అలిసిన తల్లికి ఏ వయసులో ఏ ఆట అని ఒక మనిషి వచ్చి చెప్పడం వల్ల లాభం ఉందన్నదే దాని అర్థం. తల్లి ప్రేమకు ఎవరూ మార్కులు వేయలేదు. రక్తహీనత, పౌష్టికాహార లోపం ఉన్న చోట ముందు తిండి సంగతి చూడాలనే మాట ఇంతకంటే బలమైనది. తిండిని ఆట భర్తీ చేయదని నల్గొండే చెబుతోంది. కానీ తిండి ఒక్కటే ఆ 3 పాయింట్లు తేలేదు కూడా. 1980లలో జమైకాలో ఎదుగుదల లోపించిన 129 మంది పిల్లలతో చేసిన ప్రయోగంలో రెండేళ్లపాటు వారం వారం ఇంటికెళ్లి ఆడించడం నేర్పారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందనివారికంటే 25 శాతం ఎక్కువగా ఉంది. పోషకాహారం మాత్రమే అందిన పిల్లల్లో అంతకాలం నిలిచిన లాభం కనబడలేదు.

ఇక్కడ తొందరపడి సంబరపడకూడదు. కొలంబియాలో ఇదే పద్ధతిని పెద్దయెత్తున చేస్తే మొదట లాభం కనబడి, రెండేళ్ల తర్వాత చూసేసరికి చెరిగిపోయింది. అందుకే శిక్షణ ముగిసిన నెలలో ఒకసారి కొలిచి ఊరుకుంటే చాలదు. ఒడిశాలోని 192 ఊళ్లలో తల్లుల్ని బృందంగా కూర్చోబెట్టి నేర్పినా ఇంటింటికీ వెళ్లినంత ఫలితమే వచ్చింది, ఖర్చు మాత్రం చాలా తగ్గింది. ఇళ్లు విసిరేసినట్టు దూరదూరంగా ఉండే కొండవాలు పల్లెలకు ఈ సంగతి ఎంతో ముఖ్యం. ఇక్కడా అలాగే జరుగుతుందో లేదో చూడకుండా నమ్మేయడం మాత్రం తగదు.

ఇంకో రిజిస్టరా అని అంగన్‌వాడీ కార్యకర్తలు అంటే నేను వాళ్ల పక్షమే. 11,500 రూపాయల గౌరవ వేతనం చాలక 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు సమ్మె చేసినవాళ్లు వీళ్లు. కొలిచే పని వాళ్లమీద వేయకూడదు. చెప్పినవాళ్లే మార్కులు వేస్తే ఆ మార్కులకు విలువా ఉండదు. బయటినుంచి శిక్షణ పొందిన నలుగురైదుగురు వచ్చి, ప్రతి ఇంటికీ కాకుండా కొన్ని ఇళ్లకు వెళితే చాలు. గత 3 రోజుల్లో బిడ్డతో ఎవరు ఆడారు, ఏం ఆడారు, ఇంట్లో ఆడుకునే వస్తువులేం ఉన్నాయి అని అడిగే చిన్న ప్రశ్నావళి యునిసెఫ్ దగ్గర ఉంది. ఆ ప్రశ్నలు పగలంతా బిడ్డను చూసుకునే మనిషినే అడగాలి, అది నాన్నమ్మయితే నాన్నమ్మనే. పెద్దవాళ్లు మెప్పుకోసం చెప్పే మాటలు కొన్ని ఉంటాయి గనుక పిల్లల్ని కూడా విడిగా పరీక్షించాలి. పోలిక కోసం కొందరు పిల్లలకు సాయం ఆపడం అన్యాయం కాదా అంటే, ఆపనవసరం లేదు. శిక్షణ ఎలాగూ అన్ని కేంద్రాలకూ ఒకేరోజు అందదు. ఏ కేంద్రం ముందు, ఏది తర్వాత అన్నది చీటీలు తీసి నిర్ణయిస్తే చాలు, తర్వాత అందుకునేవే పోలికకు పనికొస్తాయి. అనకాపల్లి జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారులకు నా విన్నపం ఒకటే. వచ్చే విడత శిక్షణకు ముందే గొలుగొండ మండలంలో ఆ చీటీలు తీయండి, పిల్లల స్థితి నమోదు చేయించండి, రెండేళ్ల తర్వాత అదే పిల్లల్ని మళ్లీ చూడండి. ఫలితం ఎలా వచ్చినా దాన్ని ఆ ఊళ్ల తల్లులకు చదివి వినిపించండి.